ఆరున్నొకటి

కోడంబాక్కం, మద్రాసు - 24
4-9-1995

విద్యా ఋణ నిధి కార్యదర్శి కోదండరాం గారికి,
రంజని నమస్కారాలు.

నన్ను మరిచిపోయి ఉండరనుకుంటాను. మీ పసుపు మండీకి అలమారలు చేసిన గోపాలస్వామి కూతుర్ని. స్టూడియోలో సెట్లు కొట్టే వడ్రంగి కూతురికి ఎం.ఏ. చదువుకి బ్యాంకు అప్పివ్వనన్నప్పుడు కీ.శే. వాసవాంబ స్మారక నిధి నుంచి మీరు ఇచ్చారు. ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తే ఆ అప్పు ఏటేటా కొంత మాఫీ అవుతుంది, గడువు నిండితే పైసా కట్టక్కర్లేదు, మధ్యలో మానేస్తే మాత్రం మొత్తం వడ్డీతో కట్టాలి. పత్రంలో ఉన్నది అంతే కదా.

పత్రంలో మీ చేతిరాతలో గడువు "ఆరున్నొకటి సంవత్సరములు" అని ఉంది. ఆరేళ్ళూ, పైన ఒక నెల అని మా నాన్న చదివారు. నేనూ అట్లాగే అనుకున్నాను. 1989 ఆగస్టు ఒకటిన చేరాను, లెక్క మొన్నటితో సరిపోయింది. ఏటా ఆగస్టులో ఆడవాళ్ళ వార్డు ఎట్లా ఉందో ఒక పేజీ రాసి పంపాలన్న షరతు కూడా తప్పలేదు. అట్లాంటి షరతు ఇంకే నిధికీ ఉన్నట్టు నేను వినలేదు గానీ, రాశాను.

కోయంబత్తూరులో ఒక ప్రైవేటు సంస్థ వాళ్ళు ఉద్యోగం ఇస్తామంటున్నారు. దాచడమెందుకు, నేను అలిసిపోయాను. నూట ఇరవై మంది ఆడవాళ్ళకి ఇద్దరం. వాళ్ళ ఇళ్ళకి ఉత్తరాలు రాయడమే నా పని. రాసినవాటిలో సగం "విలాసదారు లేరు" అని తిరిగొస్తాయి. దయచేసి విడుదల పత్రం ఇప్పించండి.

ఇట్లు,
జి. రంజని


మద్రాసు - 1
11-9-1995

లాభం.

కుమారి రంజనికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు చదివింది తప్పు. ఆరున్నొకటి అంటే ఆరు మీద ఒకటి. ఆరు తరవాత, ఎనిమిదికి ముందు వచ్చే అంకె. మా అంగళ్ళలో ఆ అంకెను నోటితో అనరు, చేత్తో రాయరు. ఎందుకంటే అది అంకె ఒకటే కాదు, ఏడవమని చెప్పే మాట కూడా. పొద్దున అంగడి తెరిచి కొలత మొదలుపెట్టి ఏడు ఏడు అంటే ఎట్లా ఉంటుంది? అందుకని ఒకటికి బదులు లాభం అంటాం, ఆ అంకెకు బదులు ఆరున్నొకటి అంటాం. మా తాతల నాటి నుంచి ఇదే. నీకు వివరం చెప్పడానికి పైన ఒకసారి రాయవలసి వచ్చింది, మళ్ళీ రాయను.

కనుక నీకు ఇంకా పదకొండు నెలలు ఉన్నాయి. పత్రం పత్రమే. నిధి సొమ్ము ఊరందరిది, నా ఇష్టం కాదు.

ఇకముందు కూడా ఉత్తరమే రాయి. అంగట్లో ఫోను గల్లాపెట్టె పక్కన ఉంటుంది, నలుగురూ వింటారు. పైగా నోటి మాటలు నీటి మూటలు.

నీ ఆగస్టు పేజీ చదివాను. పోయినసారికన్నా పొట్టిగా ఉంది. ముసలివాళ్ళ గురించి రాయలేదు. వాళ్ళు ఎట్లా ఉన్నారు, వేళకు తింటున్నారా, ఈసారి వివరంగా రాయగలవు.

కోదండరాం


కోడంబాక్కం, మద్రాసు - 24
20-11-1995

కోదండరాం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ఆ రోజు కోపం వచ్చింది. ఒక్క అంకె పలకడానికి భయపడే వీధి వల్ల నా ఉద్యోగం పోతోందని మా అమ్మ దగ్గర విసుక్కున్నాను. కోయంబత్తూరు వాళ్ళు ఆగస్టు దాకా ఆగుతామన్నారు కాబట్టి చల్లారింది. ఇప్పుడు రాస్తున్నది అందుకు కాదు.

మా వార్డులో చెల్లమ్మ అనే ఆవిడ ఉంది. నలభై ఆరేళ్ళుంటాయి, చూస్తే అరవై అనిపిస్తుంది. 1971లో వచ్చింది. తీసుకొచ్చినవాళ్ళు రాసిన చిరునామాలో అట్లాంటి ఇల్లే లేదు. మాటలు చాలా తక్కువ. అన్నం, నీళ్ళు, చాలు, అంతే. మధ్యాహ్నం అన్నం పళ్ళేలు పంచే పని ఆవిడది, ఎవరూ అప్పజెప్పలేదు, తనే తీసుకుంది.

ప్రతి ఏడూ డాక్టర్లు పరీక్ష చేసి కేసు షీటులో రాస్తారు. అందులో ఒక ప్రశ్న, ఒకటి నుంచి పది దాకా ఎంచమని. ఇరవై నాలుగేళ్ళుగా అదే జవాబు రాసి ఉంది: "ఒకటి తెలియదు. ఏడు తెలియదు. అర్థం లేని మాటలు కలుపుతుంది. అంకెల జ్ఞానం లేదు." డాక్టర్లకి తెలుగు రాదు. పక్కన నిలబడి తెలుగు చెప్పే ఆయా తంగమ్మకి మీ అంగడి సంగతి తెలీదు.

మొన్న నేను వరండాలో ఉండగా ఆవిడ పళ్ళేలు ఎంచుతోంది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. పది కాగానే మళ్ళీ లాభం. నూట ఇరవై పళ్ళేలు, ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి మిగల్లేదు.

ఆరేళ్ళు ఆవిడ పక్కనుంచి నడిచి, నేను కూడా పిచ్చిలెక్క అనే అనుకున్నాను. మీ ఉత్తరం రాకపోయి ఉంటే ఇప్పటికీ అదే అనుకునేదాన్ని.

ఆవిడ మీ వీధుల వాళ్ళింటి ఆడపిల్ల. మీకు తెలియని ఇల్లు అక్కడ ఉండదు. 1971 ప్రాంతంలో ఎవరింట్లోనైనా ఆడపిల్ల కనిపించకుండా పోయిందేమో కాస్త కనుక్కోగలరా? సొంతవాళ్ళు ఒక్కరు వచ్చి సంతకం పెడితే పంపించేస్తాం. పెద్ద డాక్టరు గారు షీటు చూసి తల పట్టుకున్నారు.

రంజని


మద్రాసు - 1
15-12-1995

లాభం.

కుమారి రంజనికి ఆశీస్సులు.

జవాబు ఆలస్యమైంది. సీజను పనులు.

నువ్వు అడిగినట్టు విచారించాను. అట్లాంటి ఇల్లు ఏదీ తెలియరాలేదు. లాభం అని కొలిచేది మా వీధి ఒకటే కాదు, నెల్లూరు, చిత్తూరు, కాళహస్తి అంతటా కొలుస్తారు. పాతికేళ్ళ కిందటి సంగతి ఇప్పుడు తవ్వితే ఎవరికి మంచిది?

ఆమె ఆరోగ్యం ఎట్లా ఉంది? కళ్ళు కనిపిస్తున్నాయా? చలికాలం దుప్పటి ఇస్తారా? నిధి తరపున దుప్పట్లు పంపుతున్నాను, మా సుబ్బన్ రిక్షాలో తెస్తాడు. అందరికీ ఇవ్వు, ఒకరికే ఇచ్చినట్టు ఉండకూడదు.

కోదండరాం


కోడంబాక్కం, మద్రాసు - 24
22-1-1996

కోదండరాం గారికి,

దుప్పట్లు అందాయి. నూట ఇరవై ఒకటి ఉన్నాయి. మండీలో కొలత తప్పని మీరు ఒకటి ఎక్కువ పంపారేమిటా అనుకున్నాను.

చెల్లమ్మకి దుప్పటి ఇస్తూ నేను ఆవిడ లెక్కలోనే ఎంచాను. లాభం, రెండు అంటూ. ఆవిడ నా మొహం చూసింది. "నీకెవురు చెప్పినారు ఇది?" అంది. ఆరేళ్ళలో నాతో అన్న మొదటి పూర్తి మాట. పసుపు మండీ పెద్దాయన చెప్పారన్నాను. మీ పేరు ఎత్తలేదు. పసుపు అనగానే చేతులు వాసన చూసుకుంది. కాసేపటికి నేను అడక్కుండానే చెప్పింది. "నా పేరు చెల్లమ్మ గాదు. వాసవాంబ. వీళ్ళకి శానా తూరి చెప్పినా. వీళ్ళకి అర్థం గాదు."

ఆ పేరు నేను ఆరేళ్ళుగా రాస్తున్నాను, కోదండరాం గారూ. ప్రతి ఆగస్టు కాయితం మీద పైన, కీ.శే. అని ముందు పెట్టి మరీ.

ఈసారి మీరు విచారించనక్కర్లేదు. ఆవిడ మీకు ఏమవుతుంది?

రంజని


మద్రాసు - 1
9-2-1996

లాభం.

చి. రంజనికి ఆశీస్సులు.

మా కులదేవత వాసవీమాత. మా వీధుల్లో ప్రతి మూడో ఇంట్లో ఒక వాసవాంబ ఉంటుంది. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవదు.

నీ విషయం ధర్మకర్తల ముందు పెట్టాను. ఇంతకాలం శ్రద్ధగా పనిచేశావు కనుక మిగిలిన ఆరు నెలలూ మాఫీ చేయడానికి అందరూ ఒప్పుకున్నారు. చెల్లుచీటీ ఇందులో జత చేశాను. నీ అప్పు తీరిపోయింది. ఇక ఏ బాధ్యతా లేదు, కోయంబత్తూరు ఉద్యోగంలో వెంటనే చేరవచ్చు. చిన్నదానివి, అక్కడే ఉండి నీ ఆరోగ్యం పాడుచేసుకోవద్దు.

ఇక ఉత్తరాలు రాయవలసిన పని కూడా లేదు.

కోదండరాం


కోడంబాక్కం, మద్రాసు - 24
14-2-1996

కోదండరాం గారూ,

మీ చీటీ తిరిగి పంపుతున్నాను. సెప్టెంబరులో పత్రం పత్రమే అన్నారు, నిధి సొమ్ము ఊరందరిది అన్నారు. ఫిబ్రవరికి ఊరందరి మనసూ మారిందా?

అబద్ధం చెప్పను. ఆ కాయితం పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. మా నాన్నకి చేయి వణుకుతోంది, ఇక ఉలి పట్టలేడు. కోయంబత్తూరులో జీతం దీనికి రెట్టింపు. మా అమ్మ "ఊరోళ్ళ కథ మనకెందుకు, వెళ్ళవే" అంది. వెళ్ళాలనే అనిపించింది. కానీ మీ చెల్లుచీటీ జేబులో వేసుకుని ఆవిడ ముందు నిలబడి పళ్ళేలు అందుకోవడం నా వల్ల కాలేదు. మాకు అరవం ఎక్కువ గదా, అరవంలో చెప్తాను: ఇది చెల్లాదు.

ఒక్కటే అడుగుతాను. ఆవిడకి జబ్బేమీ లేదు. పెద్ద డాక్టరు గారు కొత్తగా పరీక్ష చేసి ఆ మాట రాసి సంతకం పెట్టారు. బయటికి రావడానికి అడ్డం ఒకటే, తీసుకెళ్ళే మనిషి. మీరు ఒప్పుకుంటే ఆవిడ ఇంటికి వస్తుంది, లేకపోతే ఇక్కడే పోతుంది. మధ్యలో ఇంకేమీ లేదు.

రంజని


మద్రాసు - 1
2-5-1996

అమ్మా రంజనీ,

ఈ ఉత్తరం మీద లాభం అని పెట్టలేదు. చేయి రాలేదు.

ఆమె నా చెల్లెలు. నాకన్నా పదహారేళ్ళు చిన్నది. పెళ్ళయిన రెండో సంవత్సరం ఆడపిల్ల పుట్టి పదకొండో రోజున పోయింది. అత్తవారు తీసుకొచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళారు. ఆమె ఏడ్చింది. ఒక రోజు కాదు, నాలుగు నెలలు. తినకుండా, నిద్రపోకుండా. మా ఇల్లు అంగడి పైనే. కింద బేరం జరుగుతుంటే పైన ఏడుపు వినిపించేది. బేరానికి వచ్చినవాళ్ళు పైకి చూసేవాళ్ళు. మా నాయన ఓర్చుకోలేకపోయాడు. "అంకె పేరుకే వొద్దనే మాట, మనిషే ఏడుస్తా కూచుంటే అంగట్లో లక్ష్మి నిలుస్తుందా?" అన్నాడు.

తిరువొత్తియూరు గుడికని చెప్పి నేనే తీసుకెళ్ళాను. మీ ఆసుపత్రి గేటు దగ్గర ఆమె నా చొక్కా పట్టుకుంది. గుమాస్తా పేరేమిటని అడిగాడు. నేను ఆమె వేళ్ళు విప్పుతూ "వదులు, చెల్లెలమ్మా" అన్నాను. వాడు చెల్లమ్మ అని రాసుకున్నాడు. నేను దిద్దలేదు. తప్పు వాడిది, లాభం నాది. చిరునామా మాత్రం నేనే తప్పు చెప్పాను.

కాశీలో జ్వరం వచ్చి పోయిందని నాయన వీధిలో చెప్పాడు. అప్పటి నుంచి ఏటా తద్దినం పెడుతున్నాం. నాయన పోయాక ఈ నిధి పెట్టాను. నేను వెళ్ళలేను కనుక, వెళ్ళే పిల్లలకు అప్పు ఇచ్చి, అక్కడ నిలబెట్టి, ఆ అప్పు మాఫీ చేద్దామనుకున్నాను. ఆగస్టు పేజీ షరతు అందుకే పెట్టాను. నువ్వు రాసిన ప్రతి పేజీలో ఆమెను వెతుక్కునేవాణ్ణి. ఒకసారి "వరండాలో ఒకావిడ పళ్ళేలు తుడుస్తుంది" అని రాశావు. ఆ పేజీ పూజగదిలో ఉంది.

తద్దినం పెట్టిన చేత్తో అన్నం ఎట్లా పెట్టాలో నాకు తెలియదు. కొడుకుకు ఏమని చెప్పాలో తెలియదు. నాకు అరవై మూడు, ఇంకా మా నాయన గొంతే వినిపిస్తోంది. అయినా వస్తాను. ఎప్పుడు రావాలో రాయి.

కోదండరాం


మద్రాసు - 1
15-7-1996

అమ్మా రంజనీ,

శుక్రవారం నీకు చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. క్షమించు. నువ్వు సంతకం కాయితం తేవడానికి ఆఫీసుకు వెళ్ళినప్పుడు జరిగింది నీకు తెలియదు. రాసి పెడుతున్నాను.

నువ్వు కూర్చోబెట్టిన బెంచీ మీదే ఉన్నాను. వాసవి పళ్ళేలు ఎంచుతోంది. జుట్టు కత్తిరించి ఉంది. చేతులు మా అమ్మ చేతుల్లాగా అయిపోయాయి. నన్ను చూసి ఆగలేదు. లాభం, రెండు, మూడు. నా గుండె ఆ లెక్కతో కొట్టుకుంటోంది. ఆరు అని, తరవాతి పళ్ళెం చేతిలో పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. నా మొహంలోకి చూసి, "ఏడు" అంది.

అంకె అనుకున్నాను. మళ్ళీ అంది. "ఏడు, అన్నా."

నేను ప్రయత్నించాను, రంజనీ. పాతికేళ్ళుగా ఎంత దాచానో నాకే తెలుసు. ఒక్క చుక్క రాలేదు. దగ్గు వచ్చింది, అంతే. మా ఇంట్లో ఎవరికీ రాదు. నాయన పోయినప్పుడు కూడా రాలేదు.

ఆమె నా కళ్ళలోకి చూసింది. "రాదా? పోనీలే. నాకొచ్చిందని గదా ఈడ పెట్టినారు" అంది. కోపంగా కాదు. పసుపు తడిసిందా అని అడిగినంత మామూలుగా అంది.

ఇంటికి పోదాం రమ్మన్నాను. మేడ మీద తన గది ఖాళీ చేయించాను, కొడుక్కు చెప్పాను, వాడు ఒప్పుకున్నాడు అన్నాను. అది నిజమే. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు, తరవాత తనే గదికి సున్నం కొట్టించాడు. ఆమె గేటు వైపు చూసి, "ఆడికా?" అంది. "వొద్దులే అన్నా. ఆడ ఏడవనియ్యరు."

పళ్ళెం నా ఒళ్ళో పెట్టి మళ్ళీ మొదటి నుంచి ఎంచుకుంటూ వెళ్ళిపోయింది. నువ్వు కాయితంతో వచ్చేదాకా నేను కూర్చోలేకపోయాను. పళ్ళెం నాతోనే వచ్చేసింది. సుబ్బన్ చేత పంపుతున్నాను, లెక్కకు ఒకటి తక్కువవుతుంది.

ఇంకొక కాయితం కూడా పంపుతున్నాను. నిధి పేరులో కీ.శే. కొట్టివేయించాను. ధర్మకర్తలు కారణం అడిగారు, చెప్పాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. నీ పత్రం తిరగరాశాను. గడువు దగ్గర "ఏడు సంవత్సరములు" అని నా చేత్తో రాశాను. ఆగస్టు ఒకటికి నీది తీరిపోతుంది. నాది తీరేది కాదు.

కోదండరాం


చెన్నై - 24
21-10-1996

పెద్దయ్యకి,
రంజని నమస్కారాలు.

ఊరి పేరు మార్చారు కదా, పైన ఎట్లా రాయాలో ఒక నిమిషం ఆలోచించాను. ఇంత పెద్ద ఊరి పేరు మారిపోయింది. మా రిజిస్టరులో చెల్లమ్మ కొట్టేసి వాసవాంబ అని రాయడానికి మాత్రం మూడు నెలలుగా ఫైలు తిరుగుతోంది. వార్డు బోర్డు మీద సుద్దముక్కతో నేనే మార్చాను.

చెల్లుచీటీ అందింది. ఈసారి తిరిగి పంపలేదు. కోయంబత్తూరుకు వెళ్ళలేదు. త్యాగమేమీ కాదు, నేను ఆగస్టు ఆగస్టు అని జరుపుతుంటే వాళ్ళు ఇంకొకరిని తీసుకున్నారు. ఉత్తరం వచ్చిన రోజు ఏడ్చాను కూడా. మాకు బాగానే వస్తుంది.

ఇక ఏ పత్రమూ అడగడం లేదు గానీ, ఈ ఏటి పేజీ బాకీ ఉంది, రాస్తున్నాను. ఆడవాళ్ళ వార్డులో నూట పదహారు మంది ఉన్నారు. ఇద్దరు ఇళ్ళకి వెళ్ళారు. ఇద్దరు పోయారు, వాళ్ళ కోసం ఎవరూ రాలేదు. ముసలివాళ్ళు వేళకు తింటున్నారు. దుప్పట్లు చిరగలేదు. వాసవాంబ గారి ఎడమ కంట్లో పొర వచ్చింది, ఆపరేషనుకి రాశాం. ఇంటికి వస్తారా అని నెలనెలా అడుగుతున్నాను. రాననే అంటున్నారు. కేసు షీటులో అంకెల దగ్గర "సరిగా ఎంచగలదు" అని పెద్ద డాక్టరు గారు రాశారు. ఇరవై ఐదేళ్ళకి.

శుక్రవారం శుక్రవారం మీరు వచ్చి ఆ బెంచీ మీద కూర్చుని పోతున్నారు. మీ ఇద్దరూ ఒక్క మాటా అనుకోరు. మొన్న మీరు వెళ్ళాక నేను ఆవిడ దగ్గర కూర్చుని, "మీ అన్న మీద కోపం పోలేదా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ గేటు వైపే చూస్తూ అంది: "కోపమేముంది. పాపం, మా అన్నకి ఇంకా రాలేదు. వస్తుంది. ఆరు దాకా వచ్చినాడు."

రంజని